రక్తంలో పురుగు లేదన్నారు, మరి అమ్మ కాలు ఎందుకు వాస్తోంది?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి 54 ఏళ్ళు, రాజోలు దగ్గర పల్లెటూరు, పన్నెండేళ్ళుగా ఎడమకాలు బోద. నెలకో, రెండు నెలలకో చలిజ్వరం వచ్చి గజ్జలో బిళ్ళ కడుతోంది. జ్వరం తగ్గాక చూస్తే కాలు ముందుకంటే ఇంకాస్త లావుగా ఉంటోంది. పగలు రక్తపరీక్ష చేయిస్తే బోద పురుగు లేదన్నారు. అయినా ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అందరినీ బోద పురుగు మాత్రలు మింగమంది. మీ తమ్ముడు మింగిన రాత్రే జ్వరంతో, వాంతులతో పడుకున్నాడు. అప్పట్నుంచి మీ ఇంట్లో ఎవరూ ఆ మాత్రలు ముట్టుకోలేదు. చివరికి డాక్టరు గారి దగ్గరకి వెళ్తే "రోజూ సబ్బుతో కాలు కడుక్కోండి" అని పంపేశారు. ఇదేం వైద్యం అని మీ బాధ.

నేను ఉభయ గోదావరి జిల్లాల్లో ఫైలేరియా, అంటే ఈ బోద జబ్బు, విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. డాక్టరుని కాను. కానీ ఈ జబ్బుని మైక్రోస్కోపులో చూశాను, మా ఇంట్లోనూ చూశాను. మీ డాక్టరు గారు చెప్పింది సరైన వైద్యమే. ఎందుకు సరైనదో చెప్పే తీరిక ఆయనకి దొరకలేదు. అది నేను చెబుతాను.

ముందు కాలు ఎందుకు వాస్తుందో చూద్దాం. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన చేలకి పంట కాలువ నీళ్ళు తెస్తుంది, మురుగు కాలువ తీసుకుపోతుంది. ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఎంత బాగా వచ్చినా, మురుగు కాలువ పనిచేయకపోతే చేను ముంపే. ఒంట్లోనూ ఇంతే. రక్తనాళాల్లోంచి రోజంతా కొద్దికొద్దిగా నీరు, దాంతోపాటు కొంత మాంసకృత్తులు బయటికి ఊరి కండల మధ్యకి చేరతాయి. అలా ఊరిన నీటిని మళ్ళీ రక్తంలోకి చేర్చడానికి వేరే నాళాలు ఉన్నాయి. వాటిని లింఫ్ నాళాలు అంటారు. ఇవే మన ఒంటి మురుగు కాలువలు. రక్తానికి గుండె పంపులా ఉంది, వీటికి అలాంటి పంపు లేదు. నాళం గోడలు తమంతట తాము ముడుచుకుంటూ, మనం నడిచినప్పుడు పిక్క కండ నొక్కుతూ ఉంటే నీరు పైకి వెళ్తుంది. అది వెనక్కి జారకుండా నాళాల లోపల చిన్న చిన్న తలుపులుంటాయి. సముద్రం పోటు నీరు డ్రెయిన్లలోకి ఎగదన్నకుండా మన దగ్గర షట్టర్లు కట్టారు చూడండి, అచ్చం అలాగే ఒకవైపే తెరుచుకుంటాయి.

బోద పురుగు కాపురం ఉండేది ఈ నాళాల్లోనే. తెల్ల దారప్పోగులా ఉంటుంది. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు, మగది అందులో సగం కూడా ఉండదు. అయిదారేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే బతుకుతుంది. ఆ పురుగు నాళానికి అడ్డం పడితే నీరు ఆగి కాలు వాస్తుందని, గుర్రపుడెక్క పెరిగి డ్రెయిన్ మూసుకుపోయినట్టని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్ళం. ఆ తర్వాత 1990ల్లో బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో డాక్టర్లు అల్ట్రాసౌండ్‌లో బతికున్న పురుగుల్ని చూశారు. నాళం మూసుకుపోలేదు సరికదా, మామూలుకంటే వెడల్పయింది. అందులో పురుగులు ఆగకుండా మెలికలు తిరుగుతున్నాయి. దాన్ని వాళ్ళు పురుగు నాట్యం అన్నారు.

అంటే పురుగు చేసేది నాళాన్ని సాగదీయడం. నాళం వెడల్పయితే లోపలి తలుపు రెక్కలు ఒకదాన్నొకటి అందుకోలేవు. కాలువ గట్లు దూరం జరిగిపోతే పాత షట్టరు సరిపోనట్టు. అప్పుడు పైకెక్కిన నీరు మళ్ళీ కిందికి జారుతుంది. ఇదంతా ఏళ్ళ తరబడి నొప్పి లేకుండా జరిగిపోతుంది. మనిషికి తెలియదు, ఎందుకంటే బతికున్న పురుగు మన రోగనిరోధక శక్తిని జోకొట్టి ఉంచుతుంది. అది చచ్చినప్పుడే ఆ చోట వాపు, గడ్డ, నొప్పి వస్తాయి.

అసలు విషయం ఇక్కడ ఉంది, దీన్ని జాగ్రత్తగా చదవండి. మురుగు సరిగ్గా పోని కాలికి తొలిరోజుల్లో వచ్చే వాపు కొద్దిదే. రాత్రి పడుకుంటే చాలావరకు తగ్గిపోతుంది. అది బోదగా ముదరడానికి కారణం మీ అమ్మగారికి మాటిమాటికీ వచ్చే ఆ జ్వరం. ఆ జ్వరాల్లో ఎక్కువ భాగం పురుగు తెచ్చేవి కావు. చర్మంలోంచి దూరిన బాక్టీరియా, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ జాతివి, తెచ్చేవి. అవి ఎటు నుంచి దూరతాయంటే, కాలి వేళ్ళ సందుల్లోంచి. తడికి నాని, తెల్లగా పాచి, ఒరిసి, సన్నగా చీలిన ఆ సందు వాటికి వాకిలి. మామూలు కాలైతే దూరిన బాక్టీరియాని లింఫ్ నాళాలు గజ్జల్లోని గ్రంథులకి చేరవేస్తాయి, అక్కడ తెల్లకణాలు వాటి పని పడతాయి. ఈ కాల్లో నీరు నిలవ ఉంది, అందులో మాంసకృత్తులున్నాయి, కాపలా కణాలు సమయానికి చేరలేవు. బాక్టీరియాకి ఇంకేం కావాలి? కాలు ఎర్రబడి, సలుపుతూ, ఒళ్ళంతా వణుకు పుట్టించే జ్వరం వస్తుంది. అది తగ్గేలోపు ఇంకొన్ని సన్న నాళాలు చెడిపోతాయి. వాపు పెరుగుతుంది, చర్మం మందమై మడతలు పడుతుంది, ఆ మడతల్లో మళ్ళీ తడి, మళ్ళీ చీలిక, మళ్ళీ జ్వరం. రెసిఫేలోనే జెరూసా డ్రేయర్ అనే వైద్యురాలు, ఆమె బృందం ఈ సంగతిని పట్టుకుని, సబ్బుతో కడగడం, ఆరబెట్టడం, పుండ్లకి మందు రాయడం అనే పద్ధతిని రోగులకి నేర్పారు. జ్వరాలు తగ్గాయి. జ్వరాలు తగ్గితే కాలు ముదరడం ఆగింది.

ఇది తెలిసినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి కుడికాలు బోద. సార్వా ఊడ్పులకి వెళ్ళేది, ఇంటికొచ్చాక దూడల కొట్టం, పెరట్లో అంట్లు, ఎప్పుడూ కాళ్ళు తడే. వెండి మెట్టెలు వేళ్ళకి బిగిసిపోయి, వాటి కింద చర్మం ఎప్పుడూ నాని ఉండేది. జ్వరం వచ్చిన ప్రతిసారీ నేను పురుగు మాత్రలే వేశాను. అప్పట్లో మాకు తెలిసింది అదే. రోజూ రాత్రి ఊళ్ళు తిరిగి వందలమంది రక్తంలో పురుగుని వెతికాను కానీ, మా అమ్మ కాలివేళ్ళు విప్పి ఒక్కసారీ చూడలేదు. ఆవిడ పోయిన చాలా ఏళ్ళకి శిక్షణలో ఆ వేళ్ళ సందుల ఫొటోలు చూపించారు. అవి మా అమ్మవే అనిపించింది. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అమావాస్యకి, పున్నమికి ఈ జ్వరం వస్తుందని మన వైపు పెద్దవాళ్ళు అంటారు, మీ అమ్మగారూ అనే ఉంటారు. నేను చాలామంది చేత జ్వరం వచ్చిన తేదీలు రాయించాను. అవి తిథులతో కలవలేదు, వానల రోజులతో, ఊడ్పులతో కలిశాయి.

ఇక రక్తపరీక్ష సంగతి. పగలు తీస్తే పురుగు కనబడకపోవడంలో వింత లేదు. పెద్ద పురుగులు నాళాల్లోనే ఉండిపోతాయి. రక్తంలోకి వచ్చేవి వాటి పిల్లలు, మైక్రోఫైలేరియాలు. పావు మిల్లీమీటరు కంటే కాస్త పొడుగుంటాయి. అవి పగలంతా ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల్లో దాక్కుని, చీకటి పడ్డాక మెల్లగా చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి, రాత్రి పది దాటాక బాగా ఎక్కువవుతాయి, తెల్లవారేలోపు వెనక్కి పోతాయి. ఎందుకంటే వాటిని మోసుకెళ్ళే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రిపూట. అందుకే మేం రాత్రి ఎనిమిదిన్నర దాటాక టార్చిలైట్లు పట్టుకుని ఊళ్ళలోకి వెళ్ళేవాళ్ళం, పడుకున్నవాళ్ళని లేపి వేలు గుచ్చేవాళ్ళం. తిట్లు కూడా తిన్నాం. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకెంజీ అనే డాక్టరు ఒక రోగిని పగలు పడుకోబెట్టి రాత్రి మేలుకోబెట్టాడు. కొన్నాళ్ళకి ఆ పురుగు పిల్లలు కూడా వేళ మార్చుకుని పగలు రావడం మొదలుపెట్టాయి. అంటే అవి సూర్యుణ్ణి చూసి కాదు, మన నిద్రని బట్టి నడుస్తాయి.

అయితే మీ అమ్మగారికి అర్ధరాత్రి తీసినా కనబడకపోవచ్చు. ముదిరిన బోదకాలు ఉన్నవాళ్ళలో చాలామంది రక్తంలో పిల్ల పురుగులు ఉండవు. పెద్ద పురుగులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి, కాలు మాత్రం మిగిలింది. నా స్లైడుల్లో పురుగులు కిటకిటలాడింది ఎవరివో తెలుసా? కాళ్ళు నున్నగా ఉన్న, జ్వరం ఎరగని, పొలం పని చేసుకునే కుర్రాళ్ళవి. "నాకేం రోగం లేదండి, ఎందుకండి ఈ సూది" అన్నవాళ్ళవి. దోమ జబ్బుని తీసుకెళ్ళేది వాళ్ళ దగ్గర్నుంచే. మీ అమ్మగారి పక్కన కూర్చుంటే, ఆవిడ కంచంలో తింటే, కాలు కడిగితే ఇది అంటదు. మీ ఇంట్లో ఎవరైనా ఆవిణ్ణి దూరంగా పెడుతున్నట్టయితే ఈ మాట గట్టిగా చెప్పండి.

అందుకే మాత్రలు ఇంటిల్లిపాదికీ ఇస్తారు. చూడ్డానికి బాగున్నవాళ్ళలో ఎవరి రక్తంలో ఉందో మనకి తెలియదు. డీఈసీ అనే ఆ మాత్ర వెనక మన గోదావరి మనిషి ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన నడిపిస్తున్నప్పుడు ఆయన బృందం దీన్ని కనిపెట్టి 1947లో ప్రకటించింది. దాని తొలి పేరు హెట్రజాన్. ఆయన 1948లో అక్కడే పోయారు, మళ్ళీ మన దేశానికి రాలేదు. ఆయన పుట్టిన గడ్డ మీద ఇంటింటికీ తిరిగి ఆ మాత్ర పంచుతుంటే, "ఇదేదో విషం" అని గుమ్మంలోంచి వెనక్కి పంపినప్పుడు నాకు నిజంగా కష్టంగా ఉండేది.

ఈ మందు పనిచేసే తీరు కూడా విచిత్రమే. ఒక గాజు గిన్నెలో పిల్ల పురుగుల్ని వేసి, మనిషికి ఇచ్చే మోతాదులో డీఈసీ కలిపితే వాటికి పెద్దగా ఏమీ కాదు, కదులుతూనే ఉంటాయి. అదే మందు మనిషి మింగితే కొద్ది గంటల్లో రక్తంలోంచి చాలావరకు మాయమైపోతాయి. మందు ఒక్కటే వాటిని చంపడం లేదు. మన తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు వాటిని పట్టుకునేలా చేస్తోంది. అలా ఒక్కసారిగా వేల పురుగులు చచ్చి విచ్చిపోయినప్పుడు వాటి లోపలి సరుకంతా రక్తంలో పడుతుంది. ఆ పురుగుల ఒంటి కణాల్లో వోల్బాకియా అనే బాక్టీరియా కూడా కాపురం ఉంటుంది, అది లేనిదే పురుగు పిల్లల్ని పెట్టలేదు. అదీ బయటపడుతుంది. ఒళ్ళు వాటన్నిటి మీదా తిరగబడుతుంది కాబట్టి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వాంతులు. రక్తంలో ఎక్కువ పురుగులున్నవాళ్ళకే ఈ బాధ ఎక్కువ. ఏమీ లేనివాళ్ళకి మహా అయితే కాస్త కడుపు తిప్పుతుంది, అదీ ఖాళీ కడుపున మింగితే.

ఇప్పుడు మీ తమ్ముడి గురించి ఆలోచించండి. అతనికి మందు పడలేదని మీరనుకున్నారు. అతని రక్తంలో పురుగులు ఉండే అవకాశం ఎక్కువని నాకనిపిస్తోంది. అతనికే ఆ మాత్ర అందరికంటే అవసరం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి ఫైలేరియా స్ట్రిప్ పరీక్ష చేయించండి. అది పెద్ద పురుగు విడిచే పదార్థాన్ని పట్టుకునే పరీక్ష, పగలైనా చేయొచ్చు. పురుగు ఉందని తేలితే డాక్టరు ఎన్నాళ్ళు ఏం వాడాలో చెబుతారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఇవ్వొచ్చు, ఆ మందు వోల్బాకియాని చంపి, దాని ద్వారా పెద్ద పురుగుని గొడ్రాలిని చేస్తుంది. ఇది డాక్టరు రాస్తేనే వాడాలి. ఇప్పుడు జాగ్రత్త పడితే అతని కాలు మీ అమ్మగారి కాలులా కాకుండా ఆపొచ్చు. వృషణాల దగ్గర వాపేమైనా ఉందేమో కూడా చూపించుకోమనండి, మగవాళ్ళు సిగ్గుపడి దాస్తారు. వరిబీజం ఆపరేషన్‌తో నయమవుతుంది.

మాత్రలు ఈసారి ఇచ్చినప్పుడు అన్నం తిన్నాక మింగండి. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకి డీఈసీ 100 మిల్లీగ్రాములవి మూడు, ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మాత్ర ఒకటి. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగు మందు కూడా కలిపి ఇస్తారు. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, జబ్బుతో మంచాన పడ్డవాళ్ళకి వద్దు. మింగాక జ్వరం వస్తే పారాసెటమాల్ సరిపోతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఏటా ఎందుకు మింగాలంటే, ఈ మందు పెద్ద పురుగుల్లో కొన్నిటినే చంపుతుంది. మిగతావి వాటి ఆయుష్షు తీరేదాకా పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. అన్నేళ్ళూ ఆ పిల్లలు దోమకి దొరకకుండా చూడటమే ఈ ఏటేటి మాత్రల పని. మీ అమ్మగారు కూడా జ్వరం లేని రోజుల్లో మింగొచ్చు. దాంతో ఆవిడ కాలు తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

హైదరాబాద్‌లో ఉంటున్న మీకు పండక్కి వచ్చినప్పుడు అంటుతుందేమో అన్న టెన్షన్ వద్దు. మలేరియా క్రిమి దోమలో వేలుగా పెరుగుతుంది, ఇది అలా పెరగదు. దోమ పీల్చిన ఒక్కో పిల్ల పురుగు పది, పన్నెండు రోజులు ఎదిగి ఒక్కటిగానే బయటికొస్తుంది. అది కూడా మన చర్మం మీద పడి, దోమ కుట్టిన కన్నంలోంచి తనే పాక్కుంటూ లోపలికి పోవాలి. ఆడదీ మగదీ రెండూ చేరి కలిస్తేనే సంతానం. అందుకే వేల కాట్లు, ఏళ్ళ కాపురం కావాలి. ఊళ్ళో ఉండే మీవాళ్ళకి మాత్రం రాత్రి దోమతెర ఉండాలి. ఈ దోమ వరిచేలో నీళ్ళలో కంటే పెరటి మురుగు గుంటలో, సెప్టిక్ ట్యాంకులో, పీచు నానేసిన గుంటలో ఎక్కువ పుడుతుంది. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి వల కట్టించండి.

ఇక మీ అమ్మగారి కాలు. రోజుకి రెండుసార్లు, కనీసం రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కడగాలి. చల్లటి మంచినీళ్ళు, మామూలు ఒంటి సబ్బు చాలు. పీచు పెట్టి రుద్దకూడదు, చేత్తోనే. మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందికి, మడతల లోపల, ప్రతి వేలి సందులో. నురగంతా పోయేదాకా కడగాలి. తర్వాత ఆరబెట్టడం, కడగడం కంటే ఇది ముఖ్యం. పాత నూలు చీర ముక్కలు కత్తిరించి ఉంచుకోండి, వేళ్ళ మధ్య ఒత్తి తడి తీయండి, రుద్దొద్దు. ఒరిసినచోట డాక్టరు రాసిచ్చిన ఫంగస్ క్రీమ్, పుండుంటే పుండు మందు. బోద ఉన్న కాలికి మెట్టెలు తీసేయమనండి. ఒప్పుకోకపోతే, కడిగి ఆరాక పెట్టుకుని, పడుకునేటప్పుడు తీసేయమనండి. పెరట్లోకి వెళ్ళినా చెప్పులు ఉండాలి, గాలి ఆడేవి. కూర్చున్నప్పుడు కాలు స్టూలు మీద, పడుకున్నప్పుడు మంచం కాళ్ళవైపు రెండు ఇటుకలు. గుండె జబ్బుంటే ఇది డాక్టరుని అడిగి చేయండి. రోజుకి నాలుగైదు సార్లు పాదాన్ని పైకీ కిందికీ పదిహేనేసి సార్లు ఆడించమనండి, పిక్క కండే ఈ మురుగు కాలువకి మోటారు. సుగర్ పరీక్ష ఒకసారి చేయించండి, సుగరుంటే ఇవేవీ త్వరగా మానవు.

జ్వరం వచ్చిన రోజు కాపడం పెట్టొద్దు, పసర్లు కట్టొద్దు, గాటు పెట్టించొద్దు, పురుగు మాత్రలు వేయొద్దు. తడిగుడ్డ వేసి, కాలు ఎత్తి పడుకోబెట్టి, నీళ్ళు బాగా తాగించి, అదే రోజు డాక్టరుకి చూపించండి, యాంటీబయాటిక్ కావాలి. బొబ్బలు లేచినా, మాట తడబడినా, జ్వరం దిగకపోయినా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

పన్నెండేళ్ళ వాపు మామూలు కాలిలా అవుతుందని నేను చెప్పను. జ్వరాలు ఆగితే చర్మం మెత్తబడి, కొలత కొంత తగ్గడం చాలామందిలో చూశాను. ఒక టేపు తీసుకుని చీలమండ మీదుగా ఒకచోట, పిక్క దగ్గర ఒకచోట నెలకోసారి కొలిచి రాయండి. జ్వరం వచ్చిన తేదీలు ఆ పక్కనే రాయండి. ముందుగా ఈ వారం ఊరెళ్ళినప్పుడు పగటి వెలుతురులో అమ్మని కూర్చోబెట్టి, ఆ కాలు మీ ఒళ్ళో పెట్టుకుని, ప్రతి వేలూ మెల్లగా విడదీసి చూడండి. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య ముఖ్యంగా చూడండి, చాలామందికి అక్కడే ఉంటుంది. ఏం కనబడిందో నాకు రాయండి.